గోడ కంతలో బేరం

ఇది జరిగింది. నాకే జరిగింది. ఒట్టు వేయమంటే వేస్తాను గానీ, మా బజారువాళ్ళ ఒట్టుకి విలువెంత? తక్కెడ పక్కన పుట్టి, తక్కెడ పక్కన పెరిగినవాణ్ణి. "అసలుకే ఇచ్చేస్తున్నానండీ, మా అమ్మ మీద ఒట్టు" అని నేను గిరాకీతో అంటూంటే, వెనక గదిలోంచి మా అమ్మ దగ్గేది. అలాంటివాడి మాట నమ్మమని మిమ్మల్ని ఏ మొహం పెట్టుకుని అడగను? అడగను. ఒక్కటి మాత్రం చూడండి. నేను ఏది చెప్పినా దాని వెనక నాకేదో లాభం ఉంటుందని మీ అందరికీ తెలుసు. దీని వెనక లేదు. ఇది చెప్పిన రోజు నాకు నిద్ర పట్టదు… అంతే మిగిలేది.

ఎనభైల మొదట్లో మాట. అమలాపురంలో మా అన్నదమ్ములం ముగ్గురం ఒక్క పాత్రల కొట్టు మీద బతికేవాళ్ళం. ఇత్తడి, కంచు, అప్పుడప్పుడే ఊపందుకున్న స్టీలు. అన్నయ్య గల్లాపెట్టె దగ్గర, తమ్ముడు తూకం దగ్గర, నేను నోటి దగ్గర. కొట్టు మాత్రం మాది కాదు, అద్దెది. ఆ ఏడు దాని యజమాని ఖాళీ చేయమన్నాడు. వాళ్ళబ్బాయి అక్కడ మందుల షాపు పెట్టుకుంటాడట. ఎంత బతిమాలినా వినలేదు. వానలు వెనకపట్టేలోగా కదలాలి. బజారంతా వెతికాం. పాత్రల కొట్టు పట్టే గది ఒక్కటీ లేదు.

అప్పుడు కాలవ ఒడ్డున పాత గిడ్డంగి జాగా చవగ్గా దొరికితే కొన్నాం. ఊరి మధ్యలో ఉన్నా ఊరు వదిలేసిన జాగా అది. సగం కప్పు కూలిపోయి, గోడల్లో మొక్కలు మొలిచి, లోపలంతా గబ్బిలాల కంపు. పడవల మీద సరుకు నడిచే రోజుల్లో కట్టిందని కొందరు, అంతకు ముందే తెల్లదొరలు కట్టుకున్నదని కొందరు. మాకు ఎవరు కట్టినా ఒకటే. పడగొట్టి, వరసగా కొట్లు వేసుకుంటే ఇక ఎవడూ లేవమనడు.

తీరా పలుగులు తెచ్చాక ఎవరో అర్జీ పెట్టారు. చరిత్ర ఉన్న కట్టడం, చూడకుండా కూల్చకూడదని. దాంతో పైనుంచి పాత కట్టడాలు చూసే ఆఫీసరు ఒకాయన వస్తాడన్నారు. ఆయన చూసి "ఇది కదపొద్దు" అన్నాడా, మా మూడు సంసారాలూ పాత్రలతో సహా రోడ్డు మీద ఉన్నట్టే. "పడగొట్టుకోండి" అన్నాడా, మాకు కొట్టు. మధ్యలో ఇంకో దారి లేదు.

"ఒరే సత్తీ," అన్నాడు అన్నయ్య. "ఇన్నాళ్ళూ నీ నోటిని మేపేం. ఇవాళ దానికి పనొచ్చింది. ఆయన్ని నువ్వే చూసుకో."

ఆ ఆఫీసరు దైవసహాయంగారు మధ్యాహ్నం బస్సుకి దిగారు. మలికిపురం మనిషి. తండ్రి బడిపంతులట, ఆ తీరు కొడుకులో కూడా కనిపిస్తూనే ఉంది. సన్నగా, పొడుగ్గా, చంకలో గొడుగుతో, భుజాన గుడ్డసంచితో. సంచిలో కొలత టేపు, సుద్దముక్కలు, ఒక చిన్న చెక్క సుత్తి.

"ముందు బొండం కొట్టిస్తానండీ."

"ఆయ్. పనయ్యేక తాగుతానండి."

"భోజనం?"

"చేసే వచ్చేనండి."

"పోనీ, రిక్షా పిలవనా అండీ?"

"ఎంత దూరవండీ, నడిచెళ్ళిపోదాం."

నాకు అర్థమైపోయింది. ఈయన బేరానికి దొరికే మనిషి కాదు.

సాయంత్రం దాకా ఆయన వెనకే తిరిగాను. ఇటుక కొలిచారు. సున్నం గోటితో గీకి వేళ్ళ మధ్య నలిపి చూశారు. సుత్తితో గోడ మీద కొట్టి, చెవి ఆనించి వినేవారు. గట్టిగా ఉన్నచోట ఒక మోత, లోపల డొల్లగా ఉన్నచోట ఇంకో మోత. డొల్లగా ఉన్నచోట సుద్దతో గుండ్రం చుట్టేవారు. నా అవస్థ చూడండి… పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నా సరుకు పనికిమాలినదని నేనే చెప్పుకుంటూ తిరిగాను.

"ఇదంతా మొన్నమొన్నటిదేనండి. మా తాతగారు చూస్తుండగా కట్టేరట."

"మీ తాతగారిది ఈ ఊరేనా అండీ?"

"కాదండి, పాలకొల్లు."

"మరి గోదారి అవతల కూచుని ఇవతల కట్టడం చూసేరా అండీ? మంచి చూపే." నవ్వకుండా అన్నారు. నేను నోరు మూసుకున్నాను. ఎక్కువసేపు కాదులెండి.

చీకటి పడబోతుండగా సంచి సర్దారు. గండం గడిచిందనుకున్నాను. "రాత్రికి ఇంకోసారి చూడాలండి" అన్నారు.

"రాత్రేంటండీ? పగలు కనబడనిది రాత్రి కనపడతాదా?"

"రాత్రే కనపడతాదండి. పగటి వెలుగు గోడ మీద ఎదురుగా పడతాది. గీతలూ గుంటలూ అన్నీ ఒకేలా కనపడతాయి. చీకట్లో టార్చి గోడకి ఆనించి పక్కనించి వేసేమనుకోండి, సన్నటి గీతైనా నీడ వేస్తాది. చెరిపేసిన రాతలు కూడా లేచి నిలబడతాయండి."

లేచి నిలబడతాయి అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. అయినా ఆయన్ని ఒంటరిగా వదిలితే ఏం కనిపెడతారో. వెళ్ళాను.

వాన అప్పుడే వెలిసింది. వీధిలో కరెంటు లేదు. కాలవ నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. లోపలికి అడుగు పెట్టగానే గబ్బిలాలు ఒక్కసారి లేచాయి. తరవాత అంతా సద్దుమణిగింది. చూరు మీంచి నీళ్ళ చుక్కలు… టప్… టప్…

ఆ కట్టడంలో రెండు పెద్ద గదులు. మధ్యలో ఒక్కటే గోడ. మందం అంటే మామూలు మందం కాదు, చెయ్యి భుజం దాకా పెట్టినా పట్టేంత. మేమున్నది ఇవతలి గదిలో. అవతలి గది కప్పు ఎప్పుడో కూలిపోయింది. పెంకులు, దూలాలు, మట్టి, గుమ్మం పైదాకా నిండిపోయి ఉన్నాయి. పగలు ఇద్దరం చూశాం. పిల్లి దూరే సందు లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

దైవసహాయంగారు టార్చి గోడకి ఆనించారు. నిజమే… గోడ మారిపోయింది. పగలు చదునుగా ఉన్నచోట ఇప్పుడు గీతలు, వేలిముద్రల్లాంటి గుంటలు, తాపీ ఆడిన జాడలు. ఆ వెలుగులో గోడ చర్మంలా కనిపించింది. ఆయన మెల్లగా పక్కకి జరుగుతూ కొడుతున్నారు. టక్. జరగడం. టక్. జరగడం. ఒకచోట… డబ్.

మళ్ళీ కొట్టారు. డబ్.

సుత్తి దించారు. సుద్దముక్క కోసం జేబులో వెతుకుతున్నారు. అప్పుడు వినిపించింది.

టక్.

నేను ఆయన చేతివైపు చూశాను. సుత్తి కిందికి వేలాడుతోంది. ఆయన గోడవైపు చూస్తున్నారు.

"అవతల పెంకేదో జారినట్టుందండి" అన్నారు.

"ఆయ్" అన్నాను.

ఆ పక్కనే ఉంది కంత. నడుముకి కొంచెం పైగా, చెయ్యి దూరేంత. పగలు కూడా చూశాం గానీ, పెచ్చులూడిన గోడలో అలాంటివి చాలా ఉన్నాయి కదా అని పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ వెలుగులో దాని అంచు మెరుస్తోంది. చుట్టూ గోడంతా గరుగ్గా ఉంటే ఆ అంచు మాత్రం నున్నగా ఉంది. ఏళ్ళ తరబడి ఎన్నో చేతులు రాసుకుంటే అరిగినట్టు.

"ఏంటంటారిది?" అన్నారు ఆయన. "దీపం గూడైతే మసి ఉండాలి. గాలి కంతైతే ఇంత కింద పెట్టరు."

ఇక్కడ… ఇక్కడ నేను నోరు మూసుకోవలసింది. సాయంత్రం దాకా ఆ గోడలు పనికిరావని చెప్పినవాణ్ణి, నాకు తెలిసిన ముక్క కనిపించగానే ఆగలేకపోయాను.

"బేరం కంతండి ఇది!"

"అంటే?"

చెప్పాను. కొబ్బరికాయల దగ్గరా పశువుల సంతలోనూ పెద్ద బేరాలు నోటితో ఆడరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు. పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళతో బేరం. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. కాదనుకుంటే అవతలివాడి వేళ్ళు మనం పట్టుకుని మన మాట చెబుతాం. ఒప్పుకుంటే అరచెయ్యి మొత్తం పట్టుకుని ఒక్క నొక్కు. చుట్టూ ఎంతమంది ఉన్నా ధర ఎవడికీ తెలియదు. ఇక్కడ తువ్వాలు బదులు గోడ. ఇటొకడు, అటొకడు. మొహాలు కూడా చూసుకోనక్కర్లేదు.

"మా నాన్న నాకు మొదట నేర్పింది ఇదేనండి. చెయ్యి ముందు లాక్కున్నవాడు ఓడినట్టు."

దైవసహాయంగారి మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం నించీ ఆ మొహంలో వెలుగన్నది చూడలేదు నేను. "నిజవే అయితే సత్తిబాబుగారూ… ఇలాంటిది నేనెక్కడా చూళ్ళేదండి. ఇది తప్పకుండా రాయాలి. ఈ గోడ ఉండాల్సిందే."

ఒక్క మాటతో కొట్టు పోయింది. అన్నయ్య మొహం కళ్ళముందు మెదిలింది. ఏదో ఒకటి చెయ్యాలి.

"ఉండండి, ఉండండి. బేరం కంతైతే అవతలికి తెరుచుకుని ఉండాలి కదండీ? మూసుకుపోయి ఉంటే ఉత్త గూడే కదా? నేను చూసి చెప్తాను."

తెరుచుకుని ఉన్నా మూసుకుపోయిందని చెప్పేద్దామనే. అందుకే చొక్కా చెయ్యి పైకి మడిచి, చెయ్యి పెట్టాను.

సున్నం చల్లగా, నున్నగా తగిలింది. మోచెయ్యి దాకా వెళ్ళింది. ఇంకా లోపలికి. చెంప గోడకి ఆనింది. వేళ్ళ చివర… ఏమీ లేదు. గాలి. కంత అవతలికి తెరిచే ఉంది.

"ఏవైనా తగిలిందా అండీ?"

"ఆ. తగిలిందండి. ఇటుక. మూసేసి ఉంది."

ఆ మాట నా నోట్లోంచి పూర్తిగా బయటికి రాలేదు.

నా వేళ్ళని పట్టుకున్నాయి.

ఎలకో, పందికొక్కో అనుకుంటున్నారు కదూ? నేనూ అలాగే అనుకోవాలని ఎంత ప్రయత్నించానో… కాదు. చెయ్యి. మనిషి చెయ్యి. చల్లగా ఉంటే బాగుండేది. వెచ్చగా ఉంది. కొబ్బరి పీచు వలిచేవాళ్ళ చెయ్యిలా గరుగ్గా ఉంది. చాలాసేపట్నించి అక్కడే కాచుకుని ఉన్నట్టు, తొందర లేకుండా పట్టుకుంది.

నాలుగు వేళ్ళు పట్టుకుంది. నొక్కింది. ఆగింది.

"ఎంత లోతుందంటారు?" దైవసహాయంగారు నా పక్కనే ఉన్నారు. టార్చి ఆయన ఎడమచేతిలో. సుత్తి కుడిచేతిలో. రెండు చేతులూ నాకు కనిపిస్తున్నాయి.

"మూరన్నర… ఉంటుందండి."

మీరెవరైనా అయితే చెయ్యి లాక్కుని, కేక వేసి, కాలవ దాకా పరిగెత్తేవాళ్ళు. మనిషన్నవాడు ఎవడైనా అదే చేస్తాడు. నేను లాక్కోలేదు. ధైర్యం కాదండీ… అలవాటు. చెయ్యి ముందు లాక్కున్నవాడు ఓడినట్టు. నా చెయ్యి నన్నడగలేదు. అది దానంతటదే తిరిగి, అవతలి చేతివి రెండు వేళ్ళు పట్టుకుని నొక్కింది.

నాలుగంది అది. రెండన్నాను నేను.

అవతల కదలిక లేదు. చూరు మీంచి చుక్క పడింది. టప్. ఇంకో చుక్క. తరవాత దాని బొటనవేలు నా వేలి కణుపు మీద ఒక్కసారి మెల్లగా రాసింది. ఆలోచించుకో, అన్నట్టు. మా నాన్న అలాగే రాసేవాడు. మా బజారులో పెద్దవాళ్ళందరూ అలాగే రాసేవాళ్ళు.

మూడు వేళ్ళు పట్టుకుంది.

నేను మళ్ళీ రెండే పట్టుకున్నాను. వదల్లేదు.

ఎంతసేపో చెప్పలేను. అప్పుడు నా అరచెయ్యి మొత్తం దాని గుప్పిట్లోకి వెళ్ళింది. ఒక్క నొక్కు. గట్టిగా. ఎముకలు కలుసుకునేంత గట్టిగా.

కుదిరింది.

తరవాత వదిలేసింది. ఇటు లాగలేదు, అటు తొయ్యలేదు. పని అయిపోయినవాడిలా వదిలేసింది.

ఆ క్షణంలో నాకొచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెబితే మీరు ఛీ అంటారు. సగానికి సగం తగ్గించాను… అనుకున్నాను. ఒట్టు, అదే అనుకున్నాను. తరవాత వచ్చింది రెండో ఆలోచన. దేన్ని? బేరం కుదిరింది సరే… దేన్ని గురించి?

చెయ్యి బయటికి తీశాను. చెయ్యంతా సున్నం పొడి. అంతే.

"చెమటలు పట్టేసేయేంటండీ?"

"ఉక్కపోతండి."

"ఓసారి నేనూ చూస్తాను" అని ఆయన టార్చి నా చేతికిచ్చి చొక్కా చెయ్యి మడుస్తున్నారు.

వద్దనాలి. అక్కడ ఏదో ఉంది, చెయ్యి పెట్టకండి అని అరవాలి. అంటే కంత తెరిచే ఉందని ఒప్పుకున్నట్టు. గోడ ఉండిపోతుంది. కొట్టు పోతుంది. అనకపోతే… ఆ మనిషికి ఏమవుతుందో. నోరు తెరిచాను. నా నోరు, ఊళ్ళో ఎవరికీ లొంగని నోరు… మాట రాలేదు. ఆయన చెయ్యి మణికట్టు దాకా, మోచెయ్యి దాకా వెళ్ళింది. ఆగింది.

టార్చి వెలుగు ఆయన మోచెయ్యి మీదే నిలిపాను.

దైవసహాయంగారు కదల్లేదు. గోడనే చూస్తున్నారు. చాలాసేపటికి అన్నారు.

"ఆయ్. మూసే ఉందండి. ఇటుక తగుల్తోంది."

చెయ్యి తీసేసుకున్నారు. జేబురుమాలు తీసి, ఒక్కొక్క వేలూ విడివిడిగా తుడుచుకున్నారు. "గూడేనండి. మీరన్నట్టు ఉత్త గూడే. రాయడానికి ఏవీ లేదు. పదండి."

మర్నాడు తొలి బస్సుకి వెళ్ళిపోయారు. బొండం తాగలేదు. కొన్నాళ్ళకి కబురొచ్చింది. కాపాడదగిన విశేషాలేమీ లేవు, పడగొట్టుకోవచ్చు.

ఇంట్లో పండగ. వదిన పరమాన్నం వండింది. "నీ నోరు బంగారంరా సత్తీ!" అని అన్నయ్య వీపు చరిచాడు. నేను పరమాన్నం ముట్టుకోలేదు. కడుపులో బాగాలేదన్నాను.

పడగొట్టే రోజు నేను వెళ్ళాలనుకున్నాను. ఆ గోడ దగ్గర నిలబడి, కంత మూసి ఉందో తెరిచి ఉందో పగటి వెలుగులో నా కళ్ళతో చూద్దామనుకున్నాను. మా ఇంటి గుమ్మం దాటలేకపోయాను. మధ్యాహ్నానికి గుండె చిక్కబట్టుకుని వెళితే ఆ గోడ అప్పటికే కుప్ప. "లోపలేమైనా కనిపించిందా?" అని మేస్త్రీని అడిగాను. "ఏం పాతిపెట్టేరేంటి బాబూ, లంకెబిందెలా? ఇటుకేనండి" అని నవ్వాడు.

కొట్లు లేచాయి. మా మూడు కొట్లూ ఒకే వరసలో. మమ్మల్ని ఇప్పటికీ ఎవడూ లేవమనలేదు.

కొన్నేళ్ళకి రాజోలు బస్టాండులో దైవసహాయంగారు కనిపించారు. జుట్టు నెరిసింది. యోగక్షేమాలయ్యాక, ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ రాత్రి మీరు చెయ్యి పెట్టేరు కదండీ… ఏం తగిలిందండీ?"

ఆయన బస్సుల వైపు చూశారు. "ఇటుకే అని రాసేను కదండీ" అన్నారు.

"రాసేరు. తగిలిందేంటండీ?"

"సత్తిబాబుగారూ, బస్సొచ్చేసిందండి." గొడుగు తీసుకుని లేచారు. నేను చూస్తూనే ఉన్నాను. ఆ బస్సు మలికిపురం వెళ్ళేది కాదు.

ఆ తరవాత నేను అడగలేదు. చెయ్యి మొద్దుబారి అలా అనిపించిందేమో. భయంలో మనసే బేరం ఆడిందేమో. మా డాక్టరుగారు అదే అన్నారు. కావచ్చు. నేనూ దాదాపు ఒప్పుకుంటాను. కానీ ఒక్కటుంది… ఇంతవరకు ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు.

మా తమ్ముడికి పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. తిరగని ఆస్పత్రి లేదు, మొక్కని దేవుడు లేడు. కొత్త కొట్లోకి వెళ్ళిన ఏడాది తిరగకుండా మా మరదలు నీళ్ళోసుకుంది. పురిటి రోజు ఆస్పత్రి వరండాలో అందరం నిలబడ్డాం. నర్సమ్మ తలుపు తీసుకుని నవ్వుతూ వచ్చింది.

"ఇద్దరండీ. మగపిల్లలు."

అందరూ ఎగిరి గంతేశారు. తమ్ముడు ఏడుస్తూ నన్ను కౌగిలించుకున్నాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. అరచెయ్యి… ఎముకలు కలుసుకున్నట్టు నొప్పి పుట్టింది.

పిల్లలు పెరిగారు. బాగానే ఉన్నారు. పెద్దనాన్నా అంటూ నా కొట్లోనే ఆడుకునేవాళ్ళు. ఒక్కడికి ఒళ్ళు వెచ్చబడినా రాత్రంతా పక్కన కూర్చునేవాణ్ణి. పెద్దనాన్నకి పిల్లలంటే ప్రాణం అనుకున్నారు అందరూ. అనుకోనీ.

బేరం మాత్రం రెండుకి కుదిరింది. ఆ నొక్కు ఏమిటో నాకు తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే… ఆ ఇద్దరూ నేను తెచ్చుకున్నవాళ్ళో, ఇస్తానన్నవాళ్ళో.